ఖీర్‌గంగ వేడినీళ్ళ గుండానికి నడక: నెల్లూరు, ప్రకాశం వాళ్ళ కోసం

పెంచలకోనలో గానీ, భైరవకోనలో గానీ, ఘటిక సిద్ధేశ్వరంలో గానీ కొండ మీంచి దిగే నీళ్ళు చల్లగానే ఉంటాయి. వెలిగొండల మీద పడిన వాన రాళ్ళ పగుళ్ళలోకి ఇంకి, కొద్ది లోతు తిరిగి, కింద కోనలో బయటపడుతుంది. వేడెక్కేంత లోతుకి అది దిగదు. భూమి లోపలికి వెళ్ళేకొద్దీ కిలోమీటరుకి ఇంచుమించు 25 నుంచి 30 డిగ్రీల వేడి పెరుగుతుంది. నీళ్ళు కాగాలంటే అంత లోతుకి దిగే పగులు ఉండాలి, చల్లారేలోపే పైకి తన్నుకొచ్చే దారీ ఉండాలి. హిమాలయాల్లో ఈ రెండూ చాలాచోట్ల కలిశాయి. కాబట్టి కొండెక్కి వేడినీళ్ళలో కూర్చోవాలంటే మనవాళ్ళు రైలెక్కక తప్పదు.

ఇక్కడ చెప్పబోయేది హిమాచల్ ప్రదేశ్‌లో కుల్లు జిల్లా, పార్వతి లోయలోని ఖీర్‌గంగ గురించి. గుండం ఉన్న ఎత్తు దాదాపు 2,960 మీటర్లు. రోడ్డు ఆగిపోయే బర్షైనీ నుంచి సుమారు 12 కిలోమీటర్ల నడక, 700 మీటర్ల చిల్లర ఎక్కుడు. ఓపిక ఉన్నవాళ్ళకి ఇది మరీ కష్టమైన దారి కాదు. సముద్రం ఒడ్డు నుంచి వెళ్ళేవాళ్ళని దెబ్బతీసేవి వేరే ఉన్నాయి: నీళ్ళలోంచి బయటికొచ్చాక పట్టుకునే చలి, దిగేటప్పుడు మోకాళ్ళు, పొద్దున ఆలస్యంగా బయల్దేరడం. ప్లానంతా ఈ మూడింటి చుట్టూ వేసుకోవాలి.

ఎవరికి ఏ గుండం

ఇంట్లో అందరికీ ఖీర్‌గంగ పనికిరాదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని మణికరణ్ దాకా తీసుకెళ్ళండి. అక్కడ గురుద్వారా దగ్గరిదాకా బండి వెళ్తుంది, లోపల వేడినీళ్ళ స్నానాల గదులున్నాయి. మనాలీ పక్కన వశిష్ఠ్‌లోనూ గుడి దగ్గరే స్నానపు గుండాలున్నాయి, నడక లేదు. అంత దూరం వద్దనుకుంటే హౌరా వైపు రైల్లో ఒడిశాలోని బరంపురంలో దిగి, అక్కణ్ణుంచి రోడ్డు మీద తప్తపాణికి వెళ్ళొచ్చు. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఇసకలో గుంట తీస్తే వేడినీళ్ళు ఊరతాయి. చూడ్డానికి బాగుంటుంది గానీ అది కొండ నడక కాదు.

చార్‌ధామ్ వెళ్ళే కుటుంబాలకి యమునోత్రి ఉంది. జానకీ చట్టీ నుంచి 5, 6 కిలోమీటర్ల నిట్ట ఎక్కుడు, ఎత్తు 3,200 మీటర్ల పైన. దూరం తక్కువని తేలిగ్గా తీసుకుంటారు గానీ, ఎత్తు ఎక్కువ కావడంతో ఆయాసం ఖీర్‌గంగలో కంటే యమునోత్రిలోనే ఎక్కువ పడతారు. గుర్రం, డోలీ దొరకడమొక్కటే పెద్దవాళ్ళకి కలిసొచ్చేది. చార్‌ధామ్‌కి ముందుగా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పాత యాత్రల్లో కేదార్‌నాథ్ దారిలోని గౌరీకుండ్ వేడినీళ్ళలో స్నానం చేశామని చెప్పేవాళ్ళుంటారు. 2013 జూన్ వరదల్లో ఆ గుండం కొట్టుకుపోయింది.

ఎప్పుడు వెళ్ళాలి

మే, జూన్ మొదటి వారాలు బాగుంటాయి. సెప్టెంబరు చివర నుంచి నవంబరు మొదటి వారం దాకా ఇంకా బాగుంటుంది, ఆకాశం తేటగా ఉంటుంది. జులై, ఆగస్టుల్లో వెళ్ళొద్దు. 2022 జులైలో మణికరణ్ దగ్గర చోజ్ ఊరిమీద మెరుపు వరద పడింది. 2023 జులైలో కుల్లు, మనాలీ రోడ్లు చాలాచోట్ల తెగిపోయాయి. మన దగ్గర వాన అంటే వీధిలో నీళ్ళు నిలవడం. అక్కడ వాన అంటే కొండచరియ రోడ్డు మీదకి రావడం. సంక్రాంతి సెలవులకీ వద్దు, ఆ రోజుల్లో దారంతా మంచు పడి ఉంటుంది.

దసరా సెలవులు పెట్టుకునేవాళ్ళకి ఒక మాట. మనకి విజయదశమితో పండగ అయిపోతుంది, కుల్లులో ఆ రోజే మొదలై వారం నడుస్తుంది. కుల్లులో, దాని పక్కనున్న భుంతర్‌లో గదులు దొరకవు, బస్సులు కిక్కిరిసి ఉంటాయి. దసరాకి ముందు వారం గానీ, పండగ అయిన వారం తర్వాత గానీ పెట్టుకుంటే సుఖం.

ఇంటి దగ్గర ఆరు వారాల సాధన

మన ఊళ్ళు పలక మీద గీసినట్టు చదునుగా ఉంటాయి. మైపాడు బీచిలోనో కొత్తపట్నం బీచిలోనో రోజూ నడిచేవాళ్ళకి గుండె, ఊపిరి బాగానే ఉంటాయి గానీ తొడలకి మెట్ల అలవాటు ఉండదు. అందుకని నడకతో పాటు మెట్లు కావాలి.

మొదటి రెండు వారాలు వారానికి నాలుగు రోజులు, 40 నిమిషాల వేగం నడక. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అంత వేగం. మూడో వారం నుంచి అపార్ట్‌మెంటు మెట్లు. అంతస్తుకి 3 మీటర్లు లెక్కేసుకుంటే ఐదంతస్తులు ఒకసారి ఎక్కితే 15 మీటర్లు. ఖీర్‌గంగ ఎక్కుడంతా ఇంట్లోనే తీర్చాలంటే దాదాపు 50 సార్లు ఎక్కాలి. అంత అక్కర్లేదు. 5 సార్లతో మొదలుపెట్టి, ఐదో వారానికి వీపున 5 కిలోల సంచితో 20 సార్లకి తేవాలి. ఎక్కినన్ని మెట్లూ నడిచే దిగాలి, లిఫ్టులో దిగితే సగం సాధన పోయినట్టే. మర్నాడు తొడల ముందు భాగం పట్టేసేది ఎక్కడం వల్ల కాదు, దిగడం వల్ల. కండ సాగుతూ బరువు ఆపడం దానికి కొత్త. ఆ నొప్పి ఇక్కడే తీర్చుకుని వెళ్ళాలి.

నాలుగో వారంలో కందుకూరు వైపు మాలకొండ ఎక్కండి. గుడి తెరిచేది శనివారమే, జనం ఉంటారు కాబట్టి తెల్లారుజామునే వెళ్తే మేలు. ఐదో వారం చివర ఉదయగిరి దుర్గం. శిఖరం సముద్రమట్టానికి 3,079 అడుగులు. ఊళ్ళోంచి పైదాకా ఎక్కి దిగితే ఖీర్‌గంగకి అంతకు మించిన రిహార్సల్ లేదు. శ్రీకృష్ణదేవరాయలు ఈ కోటని పట్టుకోవడానికి ఏడాదిన్నర పట్టింది, 1514లో గానీ లొంగలేదు. ఎందుకో సగం మెట్లెక్కేసరికి అర్థమవుతుంది. మెట్లు చాలాచోట్ల చెదిరిపోయాయి, గడ్డిలో పాములుంటాయి. నలుగురు కలిసి వెళ్ళండి, మనిషికి 3 లీటర్ల నీళ్ళు తీసుకెళ్ళండి, పైన దొరుకుతాయని నమ్మొద్దు. పొద్దున ఐదున్నరకి మొదలుపెట్టి, ఎండ ముదిరేలోపు కిందికి వచ్చేయాలి. ఏప్రిల్, మేలలో దుర్గం జోలికి పోవద్దు. మేలో ఖీర్‌గంగ వెళ్ళేవాళ్ళు ఈ ఎక్కుడు ఫిబ్రవరిలోనో మార్చి మొదట్లోనో ముగించుకుని, మిగతాది మెట్ల మీద లాగించాలి.

ఆరో వారం తేలిక నడక ఒక్కటే. ప్రయాణం ముందు రోజు కూడా సాధన చేసి పిక్కలు పట్టించుకుని రైలెక్కేవాళ్ళని చూస్తుంటాం, దానివల్ల లాభం సున్నా.

బూట్లు సాధన మొదటి రోజు నుంచే తొడగాలి. కొత్త బూట్లు పెట్టెలోంచి తీసి బర్షైనీలో తొడిగితే రెండో గంటకల్లా మడమ మీద బొబ్బ లేస్తుంది. వేలికీ బూటు ముందు భాగానికీ మధ్య బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. కాళ్ళు సాయంత్రానికి కాస్త ఉబ్బుతాయి కాబట్టి సాయంత్రం పూట, మందపాటి సాక్సు వేసుకుని కొనండి.

సంచిలో ఏముండాలి

మొత్తం బరువు నీళ్ళతో కలిపి 7 కిలోలు దాటొద్దు. పెద్ద పెట్టె దారిలో వచ్చే కసోల్‌లోనో బర్షైనీలోనో గదిలో వదిలేసి, ఒక రాత్రికి కావల్సినవే పైకి తీసుకెళ్ళాలి.

మనవాళ్ళు ఎక్కువగా పొరబడేది నూలు బట్టల దగ్గర. నెల్లూరు ఎండకి నూలు బనీను దేవుడిచ్చిన వరం. కొండమీద అదే బనీను చెమట పీల్చుకుని ఆరదు, ఆగి కూర్చున్న ఐదు నిమిషాలకి వీపు మీద మంచుగడ్డలా అతుక్కుంటుంది. నడవడానికి పాలిస్టర్ టీషర్టు, దానిమీద ఫ్లీస్ గానీ ఉన్ని స్వెటర్ గానీ, పైన గాలీ వానా ఆపే జాకెట్. వేడెక్కితే ఒకటి తీసేయాలి, ఆగిన వెంటనే తొడుక్కోవాలి. జీన్సు ప్యాంటు వద్దేవద్దు, తడిస్తే రెండు రోజులు ఆరదు.

గుండం కోసం విడిగా ఒక కవరు కట్టుకోండి. అందులో స్నానానికి ఒక జత, ఆరిన లోదుస్తులు, పొడి థర్మల్ జత, పొడి ఉన్ని సాక్సు, మంకీ క్యాప్, రబ్బరు చెప్పులు, ఒక చెంబు లేదా మగ్గు, సన్నటి తువ్వాలు రెండు. లావుపాటి టర్కీ తువ్వాలు తడిస్తే కిలో బరువెక్కుతుంది, రాత్రికి ఆరదు. ఈ కవరు సంచిలో పైనే ఉండాలి, లోపలి బట్టలన్నీ తవ్వి తియ్యాల్సిన చోట ఉండకూడదు.

మిగతావి: తలకి పెట్టుకునే టార్చి, కొత్త బ్యాటరీలు, పవర్ బ్యాంక్, ఈల, ఒక ఊతకర్ర, బొబ్బలకి అంటించే టేపు, రోజువారీ మందులు రెండు రోజులకి అదనంగా, ఓఆర్ఎస్ నాలుగు ప్యాకెట్లు. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్టు లీటరు నీళ్ళకి లెక్క. గ్లాసులో సగం పోసి చిక్కగా తాగితే దాహం పెరుగుతుంది, కడుపు పాడవుతుంది. నీళ్ళ సీసా లీటరుది ఒకటి, అర లీటరుది ఒకటి చాలు. దారిలో నింపుకునే నీళ్ళలో క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగి తాగండి. తినడానికి వేరుశనగ ఉండలు, ఖర్జూరాలు, వేయించిన శనగలు. పులిహోర రైల్లో మొదటి రోజుకే. పచ్చళ్ళు నిక్షేపంగా తీసుకెళ్ళండి, అక్కడి రాజ్మా అన్నంలోకి గోంగూర పచ్చడి ఉంటే ఎవరూ వంక పెట్టరు.

దారి, బస్సులు, డబ్బు

రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే తీసుకోవాలి, పాత 120 రోజుల లెక్క లేదు. జి.టి. ఎక్స్‌ప్రెస్ నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఆగుతుంది, ఢిల్లీకి ఒకటిన్నర రోజు. ఢిల్లీ కశ్మీరీ గేట్ బస్టాండు నుంచి రాత్రి మనాలీ బస్సెక్కి భుంతర్‌లో దిగాలి. మనాలీ దాకా పోతే 50 కిలోమీటర్లు వెనక్కి రావాలి కాబట్టి కండక్టరుకి ఎక్కినప్పుడే చెప్పి, పొద్దున ఫోన్లో మ్యాపు చూసుకుంటూ ఉండండి. భుంతర్ నుంచి కసోల్, మణికరణ్ మీదుగా బర్షైనీ దాదాపు 50 కిలోమీటర్లు. దగ్గరే అనిపిస్తుంది గానీ లోయ రోడ్డు, మూడు గంటలు వేసుకోండి. మలుపులకి కడుపు తిప్పేవాళ్ళు ముందు సీట్లో కూర్చుని, డాక్టర్ని అడిగి వాంతుల మాత్ర గంట ముందు వేసుకోవాలి.

డబ్బు నోట్ల రూపంలో భుంతర్‌లోనో కసోల్‌లోనో తీసుకోండి. పైన ఫోన్ పే పనిచేస్తే సంతోషం, పనిచేయకపోతే ఆకలితో ఉండొద్దు.

వచ్చిన రోజే కొండెక్కడం తప్పు. రెండు మూడు రాత్రుల ప్రయాణం, నిద్ర లేదు, నిన్నటిదాకా సముద్రమట్టం. 2,500 మీటర్లు దాటాక కొందరికి ఎత్తు పడదు. తలనొప్పి, వికారం, అన్నం సయించకపోవడం, నిద్ర పట్టకపోవడం దాని గుర్తులు. ఒక రాత్రి బర్షైనీ చుట్టుపక్కల, 2,200 మీటర్ల దగ్గర పడుకుంటే చాలామందికి ఈ బెడద తగ్గిపోతుంది. ఆ రోజు నీళ్ళు బాగా తాగాలి, మద్యం ముట్టకూడదు. నెల్లూరు నుంచి నెల్లూరుకి మొత్తం తొమ్మిది రోజుల సెలవు పెట్టుకోండి. ఏడు రోజుల్లో ఇరికిస్తే తెగేది ఈ విశ్రాంతి రాత్రే.

నడక

దారులు మూడు. తోష్ మీదుగా పోయేది చుట్టు. కల్గా మీదుగా పోయేది అడవి నీడలో చల్లగా ఉంటుంది, కానీ జనం తక్కువ, అడ్డదారులు ఎక్కువ. పార్వతి లోయలో దారి తప్పి కనపడకుండా పోయినవాళ్ళ ఉదంతాలు చాలానే ఉన్నాయి. మొదటిసారి వెళ్ళేవాళ్ళు నక్తాన్ ఊరి మీదుగానే వెళ్ళి, అదే దారిన తిరిగి రావాలి. దిగేటప్పుడు కొత్త దారి చూద్దామని కల్గా వైపు మళ్ళడం సరదాగా అనిపిస్తుంది. అలిసిన కాళ్ళు, వాలుతున్న పొద్దు, తెలియని అడవి, ఈ మూడూ ఒకేసారి కలవకూడదు.

పొద్దున ఎనిమిదిలోపు బర్షైనీ వదలాలి. వదిలే ముందు టీకొట్టులో రెండు ప్రశ్నలు అడగండి: వంతెనలన్నీ ఉన్నాయా, పైన రాత్రికి బస ఉందా. వానాకాలం తర్వాత వంతెనలు మారుతుంటాయి. గుడారాల సంగతీ అంతే. 2018లో హైకోర్టు ఆదేశాలతో పైన గుడారాలన్నీ తీసేశారు. ఇంటర్నెట్లో పాత ఫోటోలు చూసి బస ఉంటుందని అనుకోకుండా కిందే తేల్చుకోండి. ఎటు వెళ్తున్నారో, ఎప్పుడు తిరిగొస్తారో గది యజమానికి చెప్పి, ఇంట్లోవాళ్ళకి ఒక మెసేజ్ పెట్టండి. ఆపైన సిగ్నల్ మీద ఆధారపడకూడదు. సిగ్నల్ అందిన చోట అత్యవసరానికి 112.

బర్షైనీ నుంచి తోష్ నుంచి వచ్చే వాగు దాటి, పార్వతి నదికి కుడిగట్టున నక్తాన్ దాకా దారి మెల్లగా ఎక్కుతుంది. ఊరు దాటాక రుద్రనాగ్ జలపాతం, దాదాపు సగం దూరం. ఇక్కడ గడియారం చూసుకోవాలి. మధ్యాహ్నం పన్నెండుకి రుద్రనాగ్ చేరకపోతే ఆ రోజుకి ఖీర్‌గంగ లేదు, వెనక్కి తిరగండి. అక్కణ్ణుంచి నది దాటి అడవిలోకి దారి ఎక్కుతుంది, అసలు ఎక్కుడు అదే. సగం దూరం ఉన్నా కష్టంలో మూడు వంతులు ఈ ముక్కలోనే. అప్పటిదాకా 50 నిమిషాలు నడిచి 10 నిమిషాలు ఆగుతూ రావచ్చు, ఆ లెక్క ఇక్కడ మారుతుంది. చిన్న అడుగులు, ఆగకుండా, ముక్కుతో ఊపిరి ఆడేంత నెమ్మదిగా. పరుగెత్తి ఆగి, పరుగెత్తి ఆగి ఎక్కే కుర్రాళ్ళని అరవై దాటిన పెద్దాయన నిదానంగా దాటేసి పోవడం ఈ దారిలో మామూలే. తడిసిన వేర్ల మీద కాలు పెట్టకండి, వాటికంటే మట్టి నయం.

మధ్యాహ్నం మూడులోపు పైకి చేరాలి. లోయలో పొద్దు కొండ వెనక్కి జారగానే చలి ఒక్కసారిగా దిగుతుంది.

నీళ్ళలో దిగడం

చేరిన వెంటనే బట్టలు విప్పి నీళ్ళలో దూకాలనిపిస్తుంది. అరగంట ఆగండి. చెమటతో ఒంట్లో నీళ్ళు తగ్గి ఉంటాయి, కాళ్ళలో రక్తనాళాలు విచ్చుకుని ఉంటాయి. అలాంటప్పుడు వేడినీళ్ళలో దిగితే రక్తపోటు ఇంకా పడిపోయి, లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతాయి. గుండం గట్టు రాయి, పడితే తల పగులుతుంది. ముందు ఆరిన చొక్కా వేసుకోండి, అర లీటరు నీళ్ళు తాగండి, ఏదైనా కొద్దిగా తినండి. అప్పుడు వెళ్ళండి. పొట్ట నిండా తినీ దిగొద్దు, ఖాళీ కడుపుతోనూ దిగొద్దు.

పైన మగవాళ్ళకి బయట గుండం ఉంటుంది, ఆడవాళ్ళకి గోడ కట్టి మూసిన గుండం వేరే. అది పార్వతీ కుండం, పూజించే చోటు. చెప్పులు గట్టుకి దూరంగా వదలాలి. బయట పైపు కింద ఒళ్ళు కడుక్కుని లోపలికి దిగాలి. సబ్బు, షాంపూ, నూనె లోపల నిషిద్ధం. తలకి నువ్వులనూనె పట్టించుకుని తలంటుకి సిద్ధమై వెళ్ళే మన అలవాటు అక్కడ చెల్లదు. వెండి పట్టీలు, ఉంగరాలు తీసి సంచిలో పెట్టండి, గంధకం ఉన్న నీళ్ళలో వెండి నల్లబడుతుంది.

వేడి చూడటానికి పాదం పెట్టొద్దు, మోచేయి పెట్టి చూడండి. ఏళ్ళ తరబడి షుగర్ ఉన్నవాళ్ళకి పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటుంది, చర్మం కాలుతున్నా తెలియదు. వాళ్ళు మోచేతితో చూశాక, పక్కనున్న మనిషిని కూడా చూడమని అప్పుడే దిగాలి. 38 నుంచి 40 డిగ్రీలు హాయి. 42 దాటితే ఎక్కువసేపు వద్దు. ఊట బయటికొచ్చే చోటు ఎప్పుడూ గుండం కంటే వేడి, దాని పక్కన కూర్చోవద్దు. మణికరణ్‌లో, యమునోత్రి సూర్యకుండంలో అయితే బియ్యం మూట కట్టి దించితే అన్నమవుతుంది. 60 డిగ్రీల నీళ్ళకి చర్మం కాలడానికి 5 సెకన్లు చాలు, 70కి ఒక్క సెకను. అలాంటిచోట పిల్లల చెయ్యి వదలకూడదు.

కాళ్ళు, నడుము, ఛాతీ, ఆ వరసలో నెమ్మదిగా దిగండి. మొదటిసారి 10 నిమిషాలు, బయటికొచ్చి గట్టు మీద 5 నిమిషాలు కూర్చుని నాలుగు గుక్కల నీళ్ళు తాగడం, ఇంకో 10 నిమిషాలు. అలా రెండు మూడు విడతలతో ఆపేయాలి. గంటసేపు నానితే నొప్పులన్నీ పోతాయన్నది వట్టి మాట. ఎక్కువసేపు నానితే ఒళ్ళు నీరసపడుతుంది. గుండె జబ్బున్నవాళ్ళు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు బయల్దేరకముందే డాక్టర్ని అడగాలి. గర్భిణులు, మద్యం తాగినవాళ్ళు, కాలి మీద తెరిచిన పుండున్నవాళ్ళు దిగొద్దు.

ఇక మునకల సంగతి. గుండం కనపడగానే ముక్కు మూసుకోకుండానే మూడు మునకలు వేయడం మనకి పుట్టుకతో వచ్చిన అలవాటు. వేడినీళ్ళ గుండాల్లో అది మానుకోండి. వెచ్చని మంచినీళ్ళలో ఒక రకం అమీబా బతుకుతుంది. తాగితే ఏమీ కాదు, ముక్కులోకి నీళ్ళు గట్టిగా ఎక్కితే మాత్రం మెదడుకి చేరుతుంది. చాలా అరుదు, కానీ వస్తే బతికేవాళ్ళు బహు తక్కువ. తల పైనే ఉంచి, చెంబుతో భుజాల మీద పోసుకోండి. నెత్తిన చిలకరించుకుంటే పుణ్యానికి అదీ లెక్కే. తల తడపకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. చలిలో పొడుగు జుట్టు తెల్లారేదాకా ఆరదు, ఒంటి వేడిని తడి తల లాగేస్తుంది.

బయటికి వచ్చాక మూడు నిమిషాల్లో పొడి బట్టల్లో ఉండాలి. వేడినీళ్ళకి చర్మం కింద రక్తనాళాలన్నీ తెరుచుకుని ఉంటాయి, గాలి తగిలితే ఒంటి వేడి ఆ దారినే బయటికి పోతుంది. మొదటి ఐదు నిమిషాలు చలి అనిపించదు, అందుకే తడి బట్టలతో ఫోటోలు దిగుతూ నిలబడిపోతారు. పదో నిమిషానికి వణుకు మొదలవుతుంది. ముందు ఒళ్ళు తుడుచుకోవాలి, తడిబట్ట పూర్తిగా విప్పేయాలి, థర్మల్, సాక్సు, టోపీ, జాకెట్ ఆ వరసలో తొడగాలి, తర్వాత వేడి టీ. తడిబట్ట మీదే స్వెటర్ తొడిగితే స్వెటరూ తడుస్తుంది. పొద్దు వాలాక దిగాల్సివస్తే, ఒకరు నీళ్ళలో ఉన్నప్పుడు ఇంకొకరు గట్టు మీద టార్చి, బట్టలు పట్టుకుని ఉండాలి.

రాత్రి, మర్నాడు

అక్టోబరులో రాత్రి చలి సున్నా దగ్గరికి పోతుంది. అన్నం పలుకుగా ఉందని వంటవాళ్ళని అనొద్దు, ఆ ఎత్తులో నీళ్ళు 90 డిగ్రీలకే మరుగుతాయి, ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది. తలనొప్పి ఉంటే నీళ్ళు తాగి పడుకోండి. దానికి వాంతులు, అడుగు తడబడటం, మాట తికమక తోడైతే తెల్లారేదాకా ఆగకుండా, తోడుతో కిందికి దింపేయాలి. 500 మీటర్లు దిగితే చాలా తేడా కనిపిస్తుంది.

దిగే ముందు కాలిగోళ్ళు కత్తిరించుకున్నారో లేదో చూసుకోండి. ఇంటి దగ్గరే కత్తిరించుకుని రావాలి నిజానికి. గోరు పొడుగ్గా ఉంటే ప్రతి అడుక్కీ బూటు ముందుకి గుద్దుకుని కిందకి చేరేసరికి నల్లబడుతుంది. లేసు చీలమండ దగ్గర బిగించండి, వేళ్ళ దగ్గర వదులుగా. మోకాలు కాస్త వంచి, అడుగులు చిన్నవిగా, కర్ర ముందు పెట్టి బరువు దానిమీద వేసి. నాలుగు గంటల్లో బర్షైనీ. మీరు తీసుకెళ్ళిన ప్లాస్టిక్ కవర్లన్నీ మీతోనే కిందికి రావాలి. సాయంత్రం మణికరణ్ గురుద్వారాలో అందరికీ ఉచితంగా పెట్టే లంగర్ భోజనం, రాత్రి బస.

ఇంటికొచ్చిన పన్నెండు రోజుల్లోపు తీవ్రమైన తలనొప్పి, జ్వరం, మెడ బిగుసుకోవడం కనిపిస్తే, ప్రయాణం బడలిక అని పారాసిటమాల్ వేసుకుని కూర్చోవద్దు. అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్ళి, వేడినీళ్ళ గుండంలో స్నానం చేశామని, ఏ తేదీన చేశారో డాక్టరుకి ముందే చెప్పండి.